తునక నుంచి కండ దాకా: సికింద్రాబాద్ చూసిన మాంసకృత్తుల శాస్త్రం

హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పటాలాలు గుడారాలు వేసుకున్న నాటికి ఈ ఊరికి పేరంటూ లేదు. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు, దండు వచ్చి దిగింది; 1806లో మూడో ఆసఫ్ జా అయిన సికందర్ జా పేరు మీద ఆ దండు సికింద్రాబాద్ అయింది. దండు ఉన్నచోట అంగడి వెలుస్తుంది, అంగడిలో కసాయి దుకాణం వెలుస్తుంది. గోరా సిపాయికి రోజుకొక పౌను మాంసం, పౌను రొట్టె సర్కారు ఇచ్చేది. అదే మైదానంలో కవాతు చేసిన దేశీ సిపాయి తన జీతంలోంచి బియ్యమో జొన్నలో పప్పో కొనుక్కుని వండుకునేవాడు. చియ్యకూర అతనికి పండుగనాటి మాట. రోజూ చేరే పౌను మాంసం ఒకరి ఒంట్లో చివరికి ఏమవుతోంది, ఎప్పుడో ఒకసారి చేరే తునక ఇంకొకరి ఒంట్లో ఏమవుతోంది అన్న ప్రశ్న పందొమ్మిదో శతాబ్దపు సైనిక వైద్యాన్ని, జైళ్ల వైద్యాన్ని వదలకుండా వెంటాడింది. దానికి నమ్మదగిన జవాబులు కొన్ని, ఆ దండుకు పక్కనే ఉన్న తార్నాకలో, నూటయాభై ఏళ్లు దాటాక తయారు కావడం ఈ ఊరు తన చరిత్రలో పదిలంగా రాసి పెట్టుకోవలసిన సంగతి.

శాస్త్రం రాకముందు వంటిల్లు ఉంది. 1813లో ఉజ్జయినిలో కలరా చెలరేగినప్పుడు అక్కడి పటాలంలో డోలీలు మోసే సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగి వచ్చి సికింద్రాబాద్‌లో అమ్మవారిని ప్రతిష్ఠించాడని ఈ ఊరి ప్రతి ఇంటికీ తెలుసు. ఆషాఢ బోనాల నాడు యాట తెగితే ఒక్క తునకైనా వృథా అయ్యేది కాదు. పోగులు వేసి పంచుకున్న తర్వాత తొడ కూర ఒక తీరుగా, కార్జం ఒక తీరుగా, బోటి, తలకాయ, కాళ్లు, నల్ల ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వండేవారు; మిగిలింది ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టి ఒరుగులు చేసేవారు. పళ్లు రాలిన పెద్దవాళ్లకు ఖీమా, ఎముక విరిగినవాళ్లకు కాళ్ల పులుసు, రక్తం తక్కువైన ఆడవాళ్లకు కార్జం అని ఇంటి పెద్దలు ఏనాడో పంచిపెట్టారు. ఈ పంపకంలో ఏది నిజం, ఏది నమ్మకం అన్నది తేలడానికి రెండు ఖండాల ప్రయోగశాలలు చాలాకాలం శ్రమించాయి.

పొట్టలో మాంసం ఏమవుతుందో మొదట చూసినవాళ్లు యూరప్‌వాళ్లు. 1752లో ఫ్రెంచి పండితుడు రేమూర్ తన పెంపుడు గద్ద చేత రంధ్రాలున్న లోహపు గొట్టాల్లో మాంసం పెట్టి మింగించాడు. గద్ద బయటికి కక్కిన గొట్టాల్లో మాంసం నలగకుండానే కరిగి ఉంది. అంటే పొట్ట చేసే పని నూరడం కాదు, ఏదో రసంతో కరిగించడం. ఇటలీలో స్పల్లాంజానీ దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. 1822లో అమెరికా సరిహద్దు కోటలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి గుండు తగిలింది. గాయం మానినా పొట్టకు రంధ్రం మిగిలిపోయింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ రంధ్రంలోంచి ఏళ్ల తరబడి చూసి 1833లో పుస్తకం అచ్చువేశాడు. ఉడికించిన బోటి ఒక గంటలో, కాల్చిన గొర్రె మాంసం మూడుంబావు గంటల్లో, కొవ్వుతో కాల్చిన పంది మాంసం అయిదుంబావు గంటల్లో పొట్టను దాటాయని ఆయన పట్టిక వేశాడు. ఆ అంకెలు పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని మాత్రమే చెబుతాయి, ఒంటికి పట్టినదాన్ని కాదు. కానీ మాంసంలోనూ రకాలున్నాయని, కొవ్వు నిదానం చేస్తుందని, అంత కష్టమనుకున్న బోటి త్వరగా కరుగుతుందని తొలిసారి గడియారం పెట్టి చూపించినవాడు ఆయనే. 1836లో ష్వాన్ జఠర రసంలోంచి పెప్సిన్‌ను వేరుచేశాడు; 1838లో మల్డర్ రచనలతో ప్రొటీన్ అన్న పేరు లోకానికి వచ్చింది.

తరువాతి యాభై ఏళ్లు ఒక పొరపాటు చుట్టూ తిరిగాయి. కండ పనిచేస్తే కండే ఖర్చవుతుందని, ఆ ఖర్చు మాంసంతోనే తీరుతుందని జర్మనీలో లీబిగ్ చెప్పాడు. ఆయన పేరు మీద మాంస సారం సీసాలు ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. 1865లో ఫిక్, విస్లిసేనుస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మాంసకృత్తులు లేని ఆహారం తిని స్విట్జర్లాండ్‌లోని ఫౌల్‌హార్న్ కొండెక్కారు. మూత్రంలో నత్రజని లెక్క చూస్తే, కొండెక్కిన శ్రమకు కావలసిన శక్తిలో చాలా భాగం మాంసకృత్తుల నుంచి రాలేదని తేలింది. అయినా బలమంటే మాంసమే అన్న నమ్మకం చెదరలేదు. శ్రమ చేసే మగవాడికి రోజుకు 118 గ్రాముల మాంసకృత్తులు కావాలని ఫాయిట్ ప్రమాణం పెట్టాడు. 1904లో యేల్ విశ్వవిద్యాలయంలో చిట్టెండెన్ సైనికులకు, క్రీడాకారులకు అందులో దాదాపు సగమే పెట్టి, వాళ్లు నెలల తరబడి ఆరోగ్యంగా ఉండటం చూపించాడు. అప్పుడు మన గడ్డ మీద, కలకత్తా వైద్య కళాశాలలో, మెకే మహాశయుడు జైళ్ల ఆహారాన్ని తూచి 1912లో తిరుగు వాదన చేశాడు: బియ్యం గుట్టగా తినేవారికి అందులోని మాంసకృత్తులు పూర్తిగా ఒంటబట్టవు, అందుకే వాళ్ల దేహం సన్నం అని. ఆయన జాతి గురించి చేసిన తీర్పులు నిలవలేదు. తిన్నది వేరు, ఒంటబట్టింది వేరు అన్న ఆయన గీత మాత్రం నిలిచింది.

ఈ మధ్యలో సికింద్రాబాద్ తన పేరును వైద్యచరిత్రలో ఒకసారి రాసుకుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ ఘనతకు మన కథతో ఒక సన్నని బంధం ఉంది. ఆడ దోమ మనిషి నెత్తురు తాగేది అందులోని మాంసకృత్తుల కోసమే. వాటిని అరిగించి తన గుడ్లు కడుతుంది. సూక్ష్మదర్శిని కింద రాస్ చూసిన ఆ పొట్ట జరిపే పని, సూత్రంలో, మన పొట్ట జరిపే పనికి దగ్గరి చుట్టమే.

మన దేశంలో ఆహార శాస్త్రానికి ఇల్లు కట్టినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలైన పని 1920ల చివరికి న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్‌గా ఎదిగింది. మెక్‌కారిసన్ దేశంలోని వేర్వేరు ప్రాంతాల వారి ఆహారాలను ఎలుకలకు పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం ఉన్న సిక్కుల ఆహారం తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములకు ఎదిగితే, మరపట్టిన బియ్యం మీద నడిచే మద్రాసు ఆహారం తిన్నవి 155 గ్రాముల దగ్గర ఆగిపోయాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న తెలుగు జిల్లాలు ఆ ఆహారపు నీడలోనే బతికాయన్నది మరవకూడదు. మాంసం తినే పఠానుల ఆహారం మీద పెరిగిన ఎలుకలు సిక్కుల ఆహారపు ఎలుకలను దాటలేదన్నది ఇందులో ఎక్కువమంది గమనించని అంశం. మాంసం ఒక్కటే గెలిపించలేదు. పాలు, ఆకుకూరలు, పొట్టు తీయని ధాన్యం కలిసి ఆ పైమెట్టుకు చేర్చాయి.

అదే కాలంలో భీమవరంలో పుట్టిన తెలుగువాడు ఒకరు మాంసపు కండ లోపల ఏముందో తెరిచి చూపించారు. ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను ఇద్దరిని, తిన్నది ఒంటబట్టకుండా చేసే స్ప్రూ జబ్బు కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆ దుఃఖంతో అమెరికా చేరిన ఆయన 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని వేరుచేసి చూపారు. కండ కదలడానికి కావలసిన శక్తి ఎక్కడ నిలువ ఉంటుందో అప్పటిగ్గాని లోకానికి తెలియలేదు. ఈ ఆవిష్కరణకు మోండా మార్కెట్‌లోని మటన్ దుకాణంతోనూ సంబంధం ఉంది. యాటను కోసిన కొన్ని గంటల్లో కండలో ఏటీపీ నిల్వలు అడుగంటుతాయి, కండ బిగుసుకుపోతుంది. ఆ బిగువు మీదే పొయ్యెక్కిస్తే ఎన్ని కూతలు పెట్టినా తునక పీచుగానే ఉంటుంది. చల్లని చోట తగినంత కాలం ఆగనిస్తే కండలోని ఎంజైములే మెల్లగా పోగులను సడలిస్తాయి. తరువాత లెడర్లే కంపెనీలో సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది; స్ప్రూ రోగులకు అది మందైంది. తిండి ఒంటబట్టని జబ్బు తన ఇంట్లో చేసిన నష్టానికి ఆయన లోకానికి ఇచ్చిన బదులు అది.

కూనూరులో మెక్‌కారిసన్ తర్వాత వాలెస్ ఐక్రాయిడ్ వచ్చాడు. భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా 1937లో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకం ఈ దేశంలో మాంసం, చేప, పప్పు, ధాన్యం అన్నీ ఒకే వరుసలో కూర్చోగలిగిన తొలి జాబితా. సరిగ్గా ఆ దశకంలోనే బయటి లోకంలో రెండు గొప్ప పనులు జరిగాయి. విలియం రోజ్ 1935లో త్రియోనిన్‌ను కనిపెట్టి, శరీరం తానుగా చేసుకోలేని అమైనో ఆమ్లాల జాబితాను పూర్తిచేశాడు. షోన్‌హైమర్ భారీ నత్రజని గుర్తుపెట్టిన ఆహారాన్ని ఎలుకలకు తినిపించి, తిన్న మాంసకృత్తుల్లో చాలా భాగం ఇంధనంలా కాలిపోకుండా శరీరపు కణజాలంలో ఇమిడిపోతుందని, కణజాలం నిత్యం విడిపోతూ కట్టుకుంటూ ఉంటుందని రుజువు చేశాడు. పాత ఇల్లు విప్పి ఆ దూలాలతో కొత్త ఇల్లు కట్టుకునే పల్లె రివాజులాగే దేహమూ నడుస్తుంది; కొత్త దూలాలు అవసరమయ్యేది పాతవి కొన్ని పాడైపోతాయి గనుక. పెద్దవాళ్ల ఒంట్లో రోజుకు 250 నుంచి 300 గ్రాముల మాంసకృత్తులు ఇలా విడిపోయి మళ్లీ కూడుతుంటే, బయటి నుంచి తినవలసింది అందులో అయిదో వంతుకు అటూ ఇటూ.

1958లో కూనూరు ప్రయోగశాల కొండ దిగి, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన, తార్నాకకు చేరింది. పట్వర్ధన్ ఆ తరలింపు కాలపు సంచాలకుడు. తర్వాత వచ్చిన సి.గోపాలన్ ఆ సంస్థను ప్రపంచపటం మీద నిలిపారు. 1969లో అది జాతీయ పోషకాహార సంస్థ అయింది. నీలగిరి చల్లగాలి నుంచి దక్కను జొన్నచేల మధ్యకు రావడం ఆ శాస్త్రవేత్తల చూపునే మార్చింది. జొన్నరొట్టె మీద బతికే ఈ ప్రాంతపు పేదలలో చర్మం నల్లగా పగిలిపోయే పెల్లాగ్రా కనిపించింది. మొక్కజొన్న తినేవారి జబ్బుగా లోకం ఎరిగిన పెల్లాగ్రా జొన్నలతో ఎందుకొచ్చింది? జొన్నలో ల్యూసిన్ మోతాదు మించి ఉండటమే దీనికి మూలమని గోపాలన్, శ్రీకంటియా 1960లో ప్రతిపాదించారు. ఆ వాదం మీద చర్చ చాలా ఏళ్లు సాగింది. కానీ మాంసకృత్తులు ఎన్ని గ్రాములన్నది చాలదు, అందులో ఏ అమైనో ఆమ్లం ఎంత పాలన్నది చూడాలన్న పాఠాన్ని జొన్నచేను గుమ్మంలోనే నేర్చుకున్న శాస్త్రం అది.

దానికన్నా పెద్ద వివాదం ఇంకొకటి నడిచింది. 1950లలో ఐక్యరాజ్యసమితి సంస్థలు పేదదేశాల పిల్లల జబ్బంతా మాంసకృత్తుల కొరతేనని తీర్మానించాయి. పాలపొడి, చేపల పిండి, ప్రొటీన్ బిస్కెట్లు పడవల మీద బయలుదేరాయి. హైదరాబాద్ పరిశోధకులు మన పిల్లల ఇళ్లకు వెళ్లి వాళ్లు నిజంగా తింటున్నది తూచారు. ఒళ్లు ఉబ్బే క్వాషియార్కర్ బారిన పడ్డవారి ఆహారానికి, ఎండిపోయే మరాస్మస్ బారిన పడ్డవారి ఆహారానికి తేడా లేదని, రెండిట్లోనూ ముందు కొరవడింది కడుపునిండా తిండేనని గోపాలన్ 1968లో రాశారు. దీని వెనక ఉన్న దేహధర్మం సూటిది. కెలొరీలు చాలనప్పుడు శరీరం అమైనో ఆమ్లాలనే కాల్చుకుంటుంది. నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది. ఎంత మంచి మాంసమైనా కండగా మారకుండా కట్టెలా మండిపోతుంది. అన్నం చాలినంత ఉన్నప్పుడే తునక కండవుతుంది. ఇంత పెద్ద సత్యాన్ని ఆకలి కళ్లెదుట ఉన్న ఊళ్లో పనిచేసినవాళ్లు కనిపెట్టడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఆ ఆలోచనలోంచే వేయించిన గోధుమలు, సెనగపప్పు, పల్లీలు, బెల్లం కలిపిన ‘హైదరాబాద్ మిక్స్’ పుట్టింది. బక్కచిక్కిన పిల్లల్ని ఖరీదైన దిగుమతులు లేకుండా నిలబెట్టిన మిశ్రమం అది. నాచారంలో తయారై అంగన్‌వాడీలకు వెళ్లే బాలామృతం అదే వరుసలోది.

ఇప్పుడు తునక వెంట నడుద్దాం. కండ మాంసంలోని మాంసకృత్తుల్లో సగానికి పైగా కదలికను నడిపే పోగులు. మూడోవంతుకు దగ్గరగా కణరసంలో కరిగి ఉండేవి. మిగిలింది ఆ పోగులను కట్టి ఉంచే కొలాజెన్ వంటి బంధన కణజాలం. నమిలినప్పుడు పోగులు చీలతాయి. పొట్టలోని ఆమ్లం మాంసకృత్తుల మడతలను విప్పుతుంది, పెప్సిన్ పొడవాటి గొలుసులను అక్కడక్కడా తెంపుతుంది. చిన్నపేగు మొదట్లో క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ ఆ పనిని కొనసాగిస్తాయి; పేగు గోడ మీది ఎంజైములు చివరి కోత కోస్తాయి. విడి అమైనో ఆమ్లాలుగా కొంత, రెండు మూడు కలిసిన చిన్న ముక్కలుగా ఎక్కువ భాగం పేగు గోడ దాటుతుంది. పేగు తన వాటా తీసుకున్నాక మిగిలింది కాలేయానికి చేరుతుంది. కాలేయం చాలా అమైనో ఆమ్లాలను తన దగ్గరే వాడుకుంటుంది, ల్యూసిన్ వంటి కొన్నిటిని మాత్రం పెద్దగా ముట్టకుండా కండలకు వదిలేస్తుంది. కండలో నిర్మాణం మొదలవ్వాలన్న సూచనను ల్యూసినే ఇస్తుంది. అవసరానికి మించి వచ్చిన మాంసకృత్తులకు ఒంట్లో గిడ్డంగి లేదు. నత్రజని యూరియాగా పోతుంది, తక్కింది శక్తిగానో కొవ్వుగానో మారుతుంది.

ఈ దారిలో యాట, కోడి, చేప అన్నీ దాదాపు ఒకే గమ్యం చేరతాయి. 1985లో అంతర్జాతీయ నిపుణుల సంఘం వేసిన పట్టికలో మాంసం, చేపల మాంసకృత్తులు 94 శాతం అరుగుతాయి. గుడ్డు 97, పాలు 95, పాలిష్ పట్టిన బియ్యం 88, చిక్కుళ్ల జాతి గింజలు 78. పచ్చి మాంసం నూరు గ్రాములకు యాటలోనూ కోడిలోనూ కార్జంలోనూ ఇరవై గ్రాములకు అటూ ఇటూ మాంసకృత్తులే. తేడా ఉన్నది వాటిని పట్టి ఉంచే కట్లలో. చేపలో బంధన కణజాలం చాలా తక్కువ, ఉన్నది కూడా కొద్ది వేడికే కరుగుతుంది. అందుకే జ్వరం నుంచి లేచినవాడికి కొర్రమీను పులుసు. ఈడు ముదిరిన పొట్టేలు కండలో కొలాజెన్ కట్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోతాయి; అవి గంటల తరబడి తడివేడిలో ఉడికితేనే జిగురై సడలతాయి. నాటుకోడి, బ్రాయిలర్ తేడా కూడా ఇదే. ఆరు వారాల బ్రాయిలర్ మెత్తన, నెలల తరబడి తిరిగిన నాటుకోడి గట్టి. గ్రాముల లెక్కలో బలం రెండిట్లో ఇంచుమించు ఒక్కటే. కొవ్వెక్కువైన మాంసం పొట్టలో ఎక్కువసేపు ఉంటుంది, చివరికి మాత్రం అదీ అరుగుతుంది. మితమైన వేడి మాంసకృత్తుల మడతలు విప్పి పెప్సిన్‌కు దారిస్తుంది. నిప్పుల మీద మాడ్చడం, అతిగా వేయించడం ఆ పోగులను మళ్లీ ముద్దకట్టించి అరుగుదలను నిదానం చేస్తుంది, లైసిన్‌ను కొంత పాడుచేస్తుంది.

ఈ వెలుగులో మన వంటింటి పనులు చూస్తే వాటి లోతు కనిపిస్తుంది. కచ్చి బిర్యానీ మాంసానికి పట్టించే పచ్చి బొప్పాయి ముద్దలో పపైన్ అనే ఎంజైము ఉంది. పొట్టలో పెప్సిన్ చేసే పనిలో కొంత గిన్నెలోనే అది మొదలుపెడుతుంది. 1953లో సికింద్రాబాద్ ప్యారడైజ్ సినిమా హాలు దగ్గర చిన్నగా మొదలైన ప్యారడైజ్ హోటల్ నుంచి గల్లీ దావత్ దాకా ఈ పద్ధతి నడిచింది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్ ఇంకా గొప్ప పాఠం. రంజాన్ పగలంతా భట్టీ మీద మాంసం, గోధుమ, పప్పు కలిసి ఉడికి, కర్రలతో దంచిన తర్వాత, నమలనక్కరలేని స్థితికి వస్తుంది. రోజా విడిచిన ఖాళీ పొట్టకు అంతకన్నా సులువైన మాంసాహారం ఊహించడం కష్టం. పెద్దవాళ్లకు ఖీమా అన్న పాత మాటనూ శాస్త్రం సమర్థించింది. వయసు మళ్లినవారికి తునకల మాంసం కన్నా ఖీమా తినిపించినప్పుడు అమైనో ఆమ్లాలు రక్తంలోకి వేగంగా, ఎక్కువగా చేరాయని నెదర్లాండ్స్ పరిశోధకులు 2013లో ప్రచురించారు. కార్జం గురించిన మాట కూడా నిజమే. అందులో ఇనుము, ఫోలేట్, బి12 సమృద్ధిగా ఉన్నాయి. పాయా సంగతి వేరు. కాళ్ల పులుసులోని జిగురు కొలాజెన్ నుంచి వచ్చింది, అందులో ట్రిప్టోఫాన్ బొత్తిగా లేదు. దాన్ని ఒక్కదాన్నే తిని కండ పెంచుకోలేం. రుచికీ ఓదార్పుకూ తాగవలసిందే, పక్కన రొట్టె, పప్పు ఉన్నంతసేపూ.

చవక మాంసం సామాన్యుడి కంచంలోకి రావడం 1970ల తర్వాతి మార్పు. తెలుగువాడైన బి.వి.రావు 1971లో వేంకటేశ్వర హ్యాచరీస్‌ను స్థాపించి, 1982లో గుడ్ల రైతులను జాతీయ సమన్వయ సంఘంగా కూర్చారు; గుడ్డు ధర దళారి చేతిలోంచి రైతు చేతికి వచ్చింది. తెలంగాణ పల్లెల అంచున కోళ్ల షెడ్లు లేచాయి. ఒకప్పుడు చుట్టం వస్తేనే కోసే కోడి ఆదివారపు మామూలు కూరైంది. 1999లో జాతీయ మాంస పరిశోధన కేంద్రంగా ఏర్పడిన సంస్థ నగరపు తూర్పు అంచున చెంగిచెర్లలో పనిచేస్తూ, మాంసపు నాణ్యత మీద, శుభ్రమైన కోత మీద, కల్తీని పట్టే పరీక్షల మీద పరిశోధనలు చేస్తోంది. తార్నాకలో లోంగ్వా బృందం 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికలు 528 పదార్థాలను ఆధునిక పరికరాలతో మళ్లీ కొలిచాయి. ఐక్రాయిడ్ పుస్తకానికి ఎనభై ఏళ్ల తర్వాతి వారసులవి. అరుగుదలను మనుషుల్లోనే సూటిగా కొలిచే ఐసోటోపు పద్ధతిని బెంగళూరు సెయింట్ జాన్స్‌లో కుర్పాడ్ బృందం రూపొందించింది. 2018లో వాళ్ల కొలతల్లో వండిన కోడి మాంసం సుమారు 92 శాతం, ఉడికించిన గుడ్డు 89 శాతం అరిగాయి. పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు, అంటే 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు చాలునని హైదరాబాద్ సంస్థ 2020లో నిర్ణయించింది. ఫాయిట్ గారి 118తో పోలిస్తే శాస్త్రం ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది. 2024లో అదే సంస్థ, కండల కోసం డబ్బాల్లో ప్రొటీన్ పొడులు కొనవద్దని స్పష్టంగా హెచ్చరించింది.

ఇంత దూరం వచ్చాక నాకు తేటగా కనిపించేది ఒకటుంది. ఈ గడ్డ పేద వంటిల్లు మాంసాన్ని ఎన్నడూ ఒంటరిగా వండలేదు. పావుశేరు మాంసాన్ని గోంగూరతో, చింతచిగురుతో, దోసకాయతో పెంచి ఇంటిల్లిపాదికీ పెట్టింది. బొక్కలు, సెనగపప్పు, సొరకాయ కలిపి దాల్చా చేసింది. బియ్యంలోనూ జొన్నలోనూ తక్కువైన లైసిన్‌ను ఆ కొద్ది మాంసమూ ఆ పప్పూ పూరిస్తాయి. మాంసంలోని హీమ్ ఇనుము తానుగా బాగా ఒంటబడుతుంది, పక్కనున్న ఆకుకూర ఇనుమును కూడా కొంత వెంటబెట్టుకుపోతుంది. అయితే ఈ మాట చెప్పి, పేదవాడికి ఆ కొంచెం కూడా అక్కరలేదనుకోవడం అన్యాయం. మన పోషకాహార ప్రణాళికలు దశాబ్దాల పాటు ధాన్యం చుట్టూ తిరిగి గుడ్డును, మాంసాన్ని పక్కన పెట్టాయని, తార్నాక సంస్థలోనే ఉప సంచాలకురాలిగా పనిచేసిన వీణా శత్రుఘ్న గట్టిగా వాదించారు. ఆమె విమర్శలో న్యాయం ఉంది. కడుపునిండా అన్నం అన్న గోపాలన్ తీర్పు మొదటి మెట్టు. అన్నం దొరికిన ఇంట్లో గుడ్డు, మాంసం, చేప రెండో మెట్టు. 2015 జనవరి 1న తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి ఆ రెండో మెట్టు మీద కాలు పెట్టింది. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలోనే కూర్చుని తినే ఆ పూట భోజనంలో అన్నం, పప్పు, కూరతో పాటు ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉంటాయి. గుడ్డులోని ఆరు గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు పక్కనున్న అన్నం లోటును కూడా తీరుస్తాయి. తెలంగాణ చెరువుల్లో 2016 నుంచి ప్రభుత్వమే చేపపిల్లల్ని వదులుతోంది. ఆ చేపల్లో కొంత అదే అంగన్‌వాడీ కంచం దాకా వారానికి ఒకసారైనా రావాలి. ముల్లు తీసి మెత్తగా వండితే ఏడాది దాటిన పసివాడు సైతం దాన్ని సులువుగా అరిగించుకోగలడు.